చారాణా బెంజికి బారాణా మసాలా

మన దగ్గర ఓ సామెతుంది. చారాణా కోడికి బారాణా మసాలా. పావలా పెట్టి కోడిని కొని, దాన్ని వండటానికి ముప్పావలా మసాలా నూరేవాణ్ణి వెక్కిరించడానికి వాడతారు. నా మటుకు నాకు అందులో వెక్కిరింపు కంటే లెక్కే ఎక్కువ కనిపిస్తుంది. కోడి ధర అడిగావు సరే, మసాలా ధర అడిగావా అని. పాత లగ్జరీ కార్ల బేరంలో పనికొచ్చే పాఠం ఇంతకన్నా పెద్దది ఇంకోటి లేదని నా అభిప్రాయం. ఈ టపా అంతా ఆ ఒక్క ముక్క గురించే.

సంగతేంటంటే, గోదావరిఖనిలో ఓ బెంజి అమ్మకానికొచ్చింది. 1996 మోడల్ ఈ220, ముదురు నీలం రంగు, ఏపీ 15 నంబరు. (ఏపీ 15 అంటే ఒకప్పటి ఉమ్మడి కరీంనగర్ జిల్లా. టీఎస్‌లు, టీజీలు చూసి పెరుగుతున్న పిల్లలకి ఇది విప్పి చెప్పాల్సొస్తోంది.) ఎప్పుడో ఓ కాంట్రాక్టరు కొన్న బండి, చేతులు మారి మారి లక్ష్మీనగర్‌లో ఓ షెడ్డులో తేలింది. అడిగే ధర ఆరున్నర లక్షలు. దాని మీద మనసు పడ్డది మా చిన్నాయన. సింగరేణిలో భూగర్భ గనిలో ఫిట్టరుగా ముప్పై ఆరేళ్ళు చేసి, అరవై ఒకటో ఏట దిగిపోయిన మనిషి. వద్దంటే వద్దని ఒంటికాలి మీద లేచింది ఆయన కొడుకు, అంటే మా తమ్ముడు. గచ్చిబౌలిలో మనలాగే కీబోర్డు కొట్టుకు బతికేవాడు.

"అన్నా, నువ్వన్న జర చెప్పరాదు బాపుకు. గ్రాట్యుటీ పైసలు తీస్కపోయి ముప్పై ఏండ్ల డొక్కుల పోస్తా అంటుండు" అని ఫోను.

నేను చెప్తాననే అన్నాను. కానీ ఏం చెప్పాలి అన్నదగ్గరే నాకు మా తమ్ముడితో పేచీ వచ్చింది. వాడు అడుగుతున్నది "ఈ వయసులో బెంజి ఎందుకు?" అని. అడగాల్సింది "ఈ బెంజిని బతికించడానికి ఎంతవుతుంది?" అని. రెండూ ఒకేలా వినిపిస్తాయి కానీ మొదటిది మనిషి మీద తీర్పు, రెండోది కారు మీద లెక్క. మన ఇళ్ళలో పెద్దవాళ్ళ ఖర్చుల గురించి జరిగే గొడవల్లో సగం ఈ తేడా తెలియకే జరుగుతాయేమో.

ముందు కారు సంగతి చూద్దాం. అమ్మేవాడు మూడు మాటలు వాడాడు. క్లాసిక్. హై పెర్ఫార్మెన్స్. లగ్జరీ. ఒక్కోదాన్ని విడిగా పట్టుకోవాలి.

ఈ బాడీని కార్ల పిచ్చోళ్ళు డబ్ల్యూ124 అంటారు. మెర్సిడెస్ దీన్ని 1984 చివర్లో యూరప్‌లో విడుదల చేసింది. ఖర్చు సంగతి అకౌంటెంట్లు కాకుండా ఇంజనీర్లే తేల్చుకున్న కాలపు కారు అని దీనికి పేరు. ఈ బాడీలోనే 500ఈ అని ఒకటుంది. అది నిజంగా క్లాసిక్, నిజంగా హై పెర్ఫార్మెన్స్. దాని కథ బావుంటుంది. అప్పట్లో పోర్షా కంపెనీ ఆర్థికంగా చితికిపోయి ఉంది, ఫ్యాక్టరీలో చోటు ఖాళీగా ఉంది. మెర్సిడెస్ వాళ్ళు తమ పెద్ద మోడళ్ళలోని 5 లీటర్ల వీ8 ఇంజన్ని ఈ సెడాన్‌లో పెట్టాలనుకున్నారు. వెడల్పైన మడ్‌గార్డులతో ఆ బాడీ వాళ్ళ సొంత అసెంబ్లీ లైన్ మీద ఇమడలేదు. దాంతో ఆ పని పోర్షాకిచ్చారు. ఒక్కో కారూ సిండెల్ఫింగెన్‌కీ జుఫెన్‌హౌసెన్‌కీ మధ్య అటూ ఇటూ తిరిగి, దాదాపు 18 రోజులకి తయారయ్యేది. 326 హార్స్ పవర్. నిలబడ్డ చోటినుంచి వంద కిలోమీటర్ల వేగానికి ఆరు సెకన్లు. 250 దగ్గర ఎలక్ట్రానిక్స్‌తో కళ్ళెం. 1990 నుంచి 1995 దాకా మొత్తం చేసినవి పదివేల చిల్లర, సరిగ్గా చెప్పాలంటే 10,479. పైకి చూస్తే మామూలు ఆఫీసరు కారు. అదే దాని అందం.

మరి మన గోదావరిఖని బండి? మెర్సిడెస్ మన దేశానికి 1994లో వచ్చి, 1995లో పుణెలో టెల్కోతో కలిసి కార్లు బిగించడం మొదలెట్టింది. మొదట బిగించింది ఈ డబ్ల్యూ124నే. జర్మనీలో దాని తర్వాతి మోడల్ అదే ఏడాది వచ్చేసింది. అంటే వాళ్ళు దించేస్తున్నప్పుడు మనం ఎక్కించుకున్నామన్నమాట. అందులో మనకిచ్చిన ఈ220 ఇంజను నాలుగు సిలిండర్లది, 2.2 లీటర్లు, 150 హార్స్ పవర్. మారుతి 800లు రాజ్యమేలిన రోజుల్లో 150 అంటే ఏనుగే, కాదనను. కానీ 500ఈ పక్కన పెడితే సగం కూడా కాదు. బాడీ అదే, తలుపు వేస్తే వచ్చే ఆ బరువైన "థప్" చప్పుడూ అదే. గుండె వేరు.

ఇది మనకి కొత్త కూడా కాదండోయ్. 1985లో మద్రాసులో స్టాండర్డ్ వాళ్ళు స్టాండర్డ్ 2000 అని ఓ కారు తెచ్చారు. చూడ్డానికి అచ్చం ఇంగ్లండు రోవర్ ఎస్‌డీ1. అక్కడ అదే కారు మూడున్నర లీటర్ల వీ8తో పోలీసుల చేతిలో దౌడు తీస్తే, ఇక్కడ దాంట్లో పాతకాలపు రెండు లీటర్ల ఇంజను కూచోబెట్టారు. మూడు నాలుగేళ్ళలో మూతపడింది. కాంటెస్సా సంగతీ అంతే. 1984లో హిందుస్థాన్ మోటార్స్ దాన్ని తెచ్చినప్పుడు ఒళ్ళు ఇంగ్లండు వాక్సాల్‌ది, లోపల మన అంబాసిడర్ ఇంజను, ఓ యాభై హార్స్ పవర్‌ది. సినిమాల్లో స్మగ్లర్లు దిగే ఆ కారు ఘాటు ఎక్కలేక రొప్పేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. తర్వాత ఇసుజు 1.8 లీటర్ల ఇంజను పెట్టి "కాంటెస్సా క్లాసిక్" అన్నాక కాస్త కదిలింది. 2002లో ఆగిపోయింది. చెప్పొచ్చేదేంటంటే, మన దేశంలో "క్లాసిక్" అన్నమాట చాలాసార్లు బానెట్ మూసున్నంతవరకే నిజం.

చట్టం దృష్టిలో కూడా ఇది క్లాసిక్ కాదు. కేంద్రం 2021లో వింటేజ్ వాహనాలకి విడిగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్ళు దాటాలి, అప్పుడు వీఏ అని వేరే నంబరు సిరీస్ ఇస్తారు, ఫీజు 20 వేలు, రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. మన బండికి యాభై నిండేది 2046లో. చిన్నాయనకి అప్పటికి ఎనభై దాటతాయి. అప్పటిదాకా ఇది వట్టి పాత కారు. పదిహేనేళ్ళు నిండాక ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్. దీనికి 2011, 2016, 2021 అయిపోయాయి, నాలుగోది 2026. ఒకప్పుడు ఆరు వందలున్న ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి ఐదు వేలయింది. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి 2025 ఆగస్టులో పది వేలు చేశారు. డబ్బు పెద్దదేం కాదు. ప్రభుత్వం చెప్తున్న మాట పెద్దది: నీ కారు ముసలిదైంది, నువ్వుంచుకోవచ్చు, మేం మాత్రం సాయం చెయ్యం.

ఇక మా తమ్ముడి వాదనకొస్తా. "గని పని చేసినాయనకు బెంజి ఎందుకే, నవ్వుతరు" అన్నాడు. ఇక్కడ నాకు నిజంగా కోపమొచ్చింది.

2023 సెప్టెంబర్‌లో సింగరేణి వాళ్ళకి పదకొండో వేజ్ బోర్డు ఎరియర్స్ పడ్డాయి. దాదాపు 39 వేల మందికి 1,450 కోట్లు, సగటున ఒక్కొక్కరికి మూడు లక్షల డెబ్భై వేల దాకా. ఆ వెనకే లాభాల వాటా, దీపావళి బోనస్. అప్పుడు మనవాళ్ళ వాట్సాప్ గుంపుల్లో జోకులే జోకులు. ఖనిలో బైకు షోరూములు ఖాళీ అయ్యాయట, బంగారం కొట్ల ముందు లైన్లట, "గనోళ్ళ చేతికి పైసలొస్తే ఆగుతయా" అట. జోకులు వేసిందెవరు? షేర్లు వెస్ట్ అయిన వారమే జర్మన్ ఎస్‌యూవీకి అడ్వాన్సు కట్టేవాళ్ళు. జాయినింగ్ బోనస్ రాకముందే ఫోను మార్చేవాళ్ళు. ఏడాదికి రెండుసార్లు ఎక్కని ట్రెడ్‌మిల్లు మీద బట్టలారేసుకునేవాళ్ళు. అంటే మనమే. మనం కొంటే లైఫ్‌స్టైలు, వాళ్ళు కొంటే దుబారా.

ముప్పై ఆరేళ్ళు మనిషి భూమిలోకి దిగి వచ్చాడు. తెల్లారి షిఫ్టు, మధ్యాహ్నం షిఫ్టు, రాత్రి షిఫ్టు, వంతులవారీగా. మోకాళ్ళు అరిగాయి, చెవులు సగం వినపడవు. ఆయన సైకిలు మీద గనికి పోతుంటే పక్కనుంచి దుమ్ము లేపుకుంటూ పోయిన కారు ఇదే కావచ్చు, దీనిలాంటిదే కావచ్చు. అందులో ఒక్కసారి డ్రైవరు సీట్లో కూచోవాలని ఉంటే అందులో నవ్వడానికేముంది? పైగా ఆ డబ్బు ఆయనది. కొడుకులు సాఫ్ట్‌వేర్‌లో సెటిలయ్యాక తండ్రుల గ్రాట్యుటీ మీద మనకి ఎక్కడలేని జాగ్రత్త పుట్టుకొస్తుంది. అది ప్రేమే అనుకుందాం. కానీ ఆ ప్రేమలో మన ఫ్లాటు డౌన్ పేమెంటు ఎంతుందో ఎవరికి వాళ్ళు చూసుకోవాలి.

అయితే, కోరిక న్యాయమైనదైనంత మాత్రాన బేరం న్యాయమైనది కాదు. లెక్క దగ్గరికొద్దాం.

మొదటిది, ఆ డబ్బు స్వభావం. బొగ్గు గని కార్మికుడి పెన్షను 1998 నాటి స్కీము. అందులో డీఏతో పాటు పెరగడమన్నది లేదు. దిగిపోయిన రోజు ఎంత రాస్తే ఇంచుమించు అంతే, ధరలు ఎక్కడికి పోయినా సరే. కాబట్టి రిటైరైన రోజు చేతికొచ్చే ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ, ఈ రెండే ముసలితనానికి దిండు. మన జీతంలాగా వచ్చే ఏడు అప్రైజల్‌లో పూడ్చుకునే గొయ్యి కాదది.

రెండోది, అసలు ముడి ఇక్కడుంది. కారు ధర తగ్గుతుంది, పార్టు ధర తగ్గదు. ముప్పై ఏళ్ళలో బెంజి ధర మారుతి ధర దగ్గరికి దిగొచ్చింది. కానీ దాని రేడియేటరు, ఫ్యూయల్ పంపు, సస్పెన్షను బుష్షులు ఇప్పటికీ తాము బెంజి పార్టులమనే అనుకుంటాయి. మారుతి ధరకి కొని మారుతి ఖర్చుతో నడుపుదామనుకుంటే దొరకదు. మనవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే లైసెన్సు ఫ్రీ, సపోర్టు డాలర్లలో.

మూడోది, ఈ కారుకి ప్రత్యేకంగా ఉన్న జబ్బులు. 90ల తొలి సగంలో మెర్సిడెస్ వాళ్ళు ఇంజను వైరింగుకి పర్యావరణానికి మేలని మట్టిలో కలిసిపోయే రకం తొడుగు వాడారు. మట్టిలో ఎప్పుడు కలుస్తుందో కానీ ఇంజను వేడికి మాత్రం ముందే పెళుసై పొట్టు రాలిపోతుంది. తీగకి తీగ తగిలి కారు పిచ్చిగా ప్రవర్తిస్తుంది. ఆ కాలపు మెర్సిడెస్ చూసేవాళ్ళు ఎక్కడైనా మొదట చూసేది వైరింగునే, అది అసలుదా మార్చిందా అని. దీనికి మన ఊరి వాతావరణం కలపండి. రామగుండం ఎండలు తెలియనిదెవరికి, వేసవిలో 45 దాటడం అక్కడ వార్త కూడా కాదు. ఒకపక్క ఓపెన్‌కాస్టు గనుల దుమ్ము, ఇంకోపక్క ఎన్టీపీసీ వైపు బూడిద లారీలు. ఎయిర్ ఫిల్టరు, ఏసీ, కూలింగు ఫ్యాను, వీటికి అక్కడ హైదరాబాదులో చేసే దానికి రెట్టింపు డ్యూటీ. ఆపైన పెట్రోలు. 2025కల్లా బంకుల్లో దొరికేదంతా 20 శాతం ఇథనాల్ కలిపిందే. దానికి తట్టుకునే సామానుతో కార్లు చెయ్యడం 2023 ఏప్రిల్ నుంచి. 1996 నాటి రబ్బరు గొట్టాలకి, సీళ్ళకి ఆ సంగతి తెలియదు పాపం. మార్చుకోవాలి.

నాలుగోది దూరం. దారిలో ఆగిపోతే అక్కడి మెకానిక్కులు డీజిలు బండిని కళ్ళు మూసుకుని విప్పి బిగించగలరు. ఈ ఇంజను కంప్యూటరుతో మాట్లాడే సరంజామా మాత్రం హైదరాబాదులో ఉంటుంది. రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు రాజీవ్ రహదారి మీద లారీకెక్కించి తేవాలి. ఒక్కసారి ఆ లారీ కిరాయి కనుక్కోండి, మసాలా ఘాటు తెలుస్తుంది.

ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని ఓ ఆదివారం నేను ఊరికి బయల్దేరాను. దారిలో బసంత్‌నగర్ టోల్ దగ్గర బొగ్గు లారీల వెనక పది నిమిషాలు ఆగినప్పుడు 250 కిలోమీటర్ల కళ్ళెం గుర్తొచ్చి నవ్వొచ్చింది. చిన్నాయనకి ఎలా చెప్పాలా అని మనసులో వాక్యాలు పేర్చుకుంటూ పోయా. అంత శ్రమ అక్కర్లేకపోయింది.

షెడ్డులో అమ్మేవాడు పెయింటు చూపిస్తున్నాడు, కలపతో చేసిన డాష్‌బోర్డు చూపిస్తున్నాడు. నేను తోలు సీట్లు తడుముతున్నా. చిన్నాయన మాత్రం వాటివైపే చూళ్ళేదు. టార్చిలైటు తీసి ముందు బంపరు దగ్గర గొంతుక్కూచున్నాడు. కిందకి వంగి ఆయిలు మరకలు చూశాడు. బానెట్ ఎత్తించి వైర్ల తొడుగు గోటితో మెల్లగా గీకాడు. అప్పుడు లేచి ఒకే ప్రశ్న అడిగాడు.

"లాగ్ బుక్కున్నదా?"

"సర్వీస్ బుక్కా సార్? పాత ఓనరు దగ్గరుండిపోయింది. బండి మాత్రం కండిషన్."

"గనిల హాలేజీ రోపు దినాం జూసి బుక్కుల రాస్తం బిడ్డా. రాయని రోపును నమ్మి ఎవడూ దిగడు. ఎప్పుడేం జేసిండ్రో రాసిలేదంటే ఏం జెయ్యలే అనుకోవాలె" అన్నాడు, గొంతు పెంచకుండా.

నేను పేర్చుకున్న వాక్యాలన్నీ అక్కడే కరిగిపోయాయి. ఇరవై ఏళ్ళుగా డాక్యుమెంటేషన్ గురించి మనం రాసే బెస్ట్ ప్రాక్టీసుల సారమంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. ఎవరో రాసి వదిలేసిన పాత కోడు మన నెత్తిన పడ్డప్పుడు మనం మొదట అడిగేదేమిటి? డాక్యుమెంట్లున్నాయా, మార్పుల చరిత్రుందా, చివరిసారి ఎవరు ముట్టుకున్నారు అని. ఆఫీసులో అంత పకడ్బందీగా అడిగే మనం పాత కారు షోరూములో మాత్రం సన్‌రూఫ్ తెరుచుకుంటుందా అని అడుగుతాం.

తర్వాత ఆయన షెడ్డు బయట స్టూలు మీద కూచుని ఓ కాగితం మీద పదకొండు పనులు రాశాడు. వైరింగు, గొట్టాలు, రేడియేటరు, ఇంజను మౌంట్లు, బుష్షులు, టైర్లు, బ్యాటరీ, ఇలా. ఒక్కోదానికి హైదరాబాదులో ఇద్దరు మెకానిక్కులకి నాతో ఫోను చేయించి ధర రాయించాడు. ఇద్దరిలో ఎక్కువ చెప్పినవాడి ధరే వేశాడు. కూడితే నాలుగు లక్షలకి కాస్త అటూ ఇటూగా తేలింది. "ఆరున్నరల నాలుగు తీస్తే రెండున్నర. గంతే నా రేటు" అని కాగితం అమ్మేవాడి చేతిలో పెట్టాడు. వాడికి కోపమొచ్చింది, షెడ్డు తలుపు దించేశాడు. చిన్నాయన మొహంలో మాత్రం బేరం పోయిందన్న బాధ లేదు. ఒక షిఫ్టు సరిగ్గా చేసి పైకొచ్చినవాడిలా ఉన్నాడు.

ఫోన్లో మా తమ్ముడు ఊపిరి పీల్చుకుని "అంటే ఇగ కొనడు గదా" అన్నాడు. నేను ఫోను చిన్నాయనకిచ్చా. "ఆడు దిగొస్తే కొంట. మూడేండ్లు నడుపుత. నెలకు ఇంతని పెట్టుకున్న, గది దాటితే సర్వే ఆఫ్" అన్నాడు.

సర్వే ఆఫ్ అంటే సింగరేణి భాష. ఓ డంపరో, డోజరో తన ఆయుష్షు తీరాక, రిపేరుకయ్యే ఖర్చు దాని పనికి మించిపోయాక, పరీక్షించి లెక్కల్లోంచి తీసేస్తారు. అందులో ఏడుపుండదు. కొన్నప్పుడే దానికింత ఆయుష్షు అని అనుకుంటారు, ఆ ఆయుష్షులో రోజూ చూసుకుంటారు, తీరాక దించేస్తారు. మన పరిశ్రమలో దీన్నే ఎండ్ ఆఫ్ లైఫ్ అని పెద్ద పెద్ద మెయిళ్ళు పంపుతాం. తేడా ఏంటంటే వాళ్ళు నిజంగా దించేస్తారు, మనం పొడిగింపులడుగుతాం.

ఇప్పుడు నా అభిప్రాయం సూటిగా చెప్తా. పాత లగ్జరీ కారు కొనడం తప్పని నేననను. కొత్త కారు షోరూము గడప దాటగానే పోగొట్టుకునే డబ్బుతో పోలిస్తే, మంచి ఇంజనీరింగు ఉన్న పాత కారుని జాగ్రత్తగా నడుపుకోవడం మతిలేని పనేమీ కాదు. కానీ నాలుగు షరతులు. రాసిన చరిత్ర లేని కారుకి, అందులో ఏమీ చెయ్యలేదన్న లెక్కతోనే ధర కట్టాలి. కారుకెంత ఇస్తున్నారో కనీసం అంత పక్కన పెట్టుకుని ఉండాలి, అది లేకపోతే కారు కూడా లేనట్టే. రోజూ ఆఫీసుకెళ్ళడానికి ఇదొక్కటే బండి అయితే వద్దు, ఇంట్లో ఇంకో నమ్మకమైన బండి ఉండాలి. చివరిది, కొనే రోజే దించేసే తేదీ కానీ ఖర్చు హద్దు కానీ రాసుకోవాలి. హద్దు లేకపోతే ఈ కార్లు మెల్లమెల్లగా తింటాయి. ఇప్పటికే రెండు లక్షలు పెట్టాంకదా, ఇంకో యాభై పెడితే సరిపోతుందని మనమే మనకి చెప్పుకుంటాం. ఆగిపోవాల్సిన ప్రాజెక్టులు మన కంపెనీల్లో ఎన్నేళ్ళు సాగాయో మీకు నేను చెప్పాలా?

రిటైర్మెంటు డబ్బు విషయంలో ఇంకో మాట. ఆ డబ్బులో వైద్యానికి, ఇంటికి, చిన్నమ్మకి తీసిపెట్టాక మిగిలిన దాంట్లోంచే ఇలాంటి సరదాలకి హద్దు గియ్యాలి. చిన్నాయన నెలకింతని గీసుకున్నది అలాంటి గీతే. దాన్ని గీయడానికి కొడుకులు కూచుని సాయం చెయ్యాలి. గీత వాళ్ళే గీసి తండ్రి చేతిలో పెట్టకూడదు.

"ఎందుకు బాపూ నీకిది" అన్న ప్రశ్నకి జవాబుండదు. దానికి ఆయన చేయగలిగిందల్లా చిన్నబుచ్చుకుని ఊరుకోవడం. ముప్పై ఆరేళ్ళు యంత్రాల మధ్య బతికిన మనిషికి యంత్రం గురించి లెక్క అడిగితే, మనకంటే బాగా చేసి చూపిస్తాడు. బ్యాంకు ఉద్యోగి అయినా, టీచరైనా, రైతైనా అంతే. ఎవరి పనిలో వాళ్ళకో లాగ్ బుక్కుంటుంది. దాన్ని అడగండి.

ఇక ఆ సామెత. మసాలా ధర తెలియకుండా కోడిని కొనేవాడు మోసపోతాడు, నిజమే. మసాలా ధర తెలిసి, లెక్క వేసుకుని, జేబు తడుముకుని, అయినా సరే కొనుక్కునేవాణ్ణి చూసి నవ్వకండి. వాడికి ఆ రోజు కోడికూర తినాలనుంది, అంతే.